ఆ వీధి ఖాళీగా లేదు

చిరంజీవికి,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. రాయడం నీకు చేతనవును, అందులో అనుమానం లేదు. కానీ రెండో పేరా దగ్గరే ఆగిపోయాను. పాత ఫొటోలోని ఆ పెద్ద వీధిని చూసి "ఆ రోజుల్లో జనం ఎంత తీరిగ్గా బతికారో, రద్దీ అంటేనే తెలియదు" అని రాశావు. ఆ వీధి ఖాళీగా లేదు తమ్ముడూ. జనం కెమెరాకి చిక్కలేదు, అంతే.

1838లో, ఫొటోగ్రఫీని మొదట్లో రూపొందించినవాళ్లలో ఒకడైన డగేర్ పారిస్‌లో ఒక మేడ మీద నుంచి బులెవార్ దు తాంప్ల్ అనే వీధిని ఫొటో తీశాడు. బండ్లూ మనుషులూ ఎడతెగకుండా తిరిగే రోడ్డు అది. ఫొటోలో చూస్తే నిర్మానుష్యం. ఫిల్ముకి బదులు అప్పట్లో వాడిన లోహపు ప్లేటు మీద బొమ్మ పడటానికి చాలా నిమిషాలు పట్టింది, ఆలోపు కదిలినవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఒక మూల బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడ్డ మనిషి, అతని కాళ్ల దగ్గర పాలిష్ చేసేవాడు, ఈ ఇద్దరే దక్కారు. 1851లో వచ్చిన, కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసిన గాజు ప్లేట్లకి ఎండలో కొన్ని సెకన్లు చాలేవి. అయినా ఆ కొన్ని సెకన్లలో నడిచే మనిషి చెరిగిపోతాడు. నువ్వు విడిగా పంపిన స్కాన్‌లో కుడి అంచున, స్తంభం పక్కన పొగలాంటి మచ్చ ఒకటి ఉంది చూడు. మరకనుకున్నావేమో, వ్యాసంలో వేసినప్పుడు దాన్ని కత్తిరించేశావు.

నిన్ను తప్పు పట్టే అర్హత నాకు అంతగా లేదులే. మొదట్లో నేనూ ఇంతకన్నా పెద్ద పొరపాటే చేశాను. ఒక పాత ఫొటోలో నల్లబట్టల్లో కూర్చున్న స్త్రీని చూసి, ఆమె విషాదం మీద పేజీన్నర రాశాను. కన్నీళ్లొక్కటే తక్కువ. అది అచ్చయ్యాక ఆమె మనవరాలి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది: "ఆ బట్టలు ఎర్రవి. ఇప్పటికీ మా పెట్టెలో ఉన్నాయి." ఆనాటి ప్లేట్లు ఎరుపుని దాదాపు పట్టుకోలేవు, కాబట్టి ఎర్రటిది నల్లగా పడుతుంది. నీలం మరీ ఎక్కువ పట్టుకుంటాయి, అందుకే ఆకాశాలన్నీ కాగితంలా తెల్లగా ఉంటాయి. అన్ని రంగులకీ స్పందించే ప్లేట్లు బజారుకి వచ్చింది 1906లో, అందరి చేతికీ అందింది ఇంకా చాలా తర్వాత. ఆ ఉత్తరం నా దగ్గర ఇంకా ఉంది. కొత్త ఫొటో మీద రాయడానికి కూర్చున్న ప్రతిసారీ గుర్తొస్తుంది.

అప్పటి నుంచి నాకో అలవాటు. ఫొటోలో ఏముందో రాసే ముందు, దాన్ని ఏ ప్లేటు మీద తీశారు, ఎవరు తీశారు, ఎవరు డబ్బిచ్చి తీయించారు అని అడుగుతాను. మూడో ప్రశ్నకి జవాబు తెలిస్తే సగం చరిత్ర తెలిసినట్టే. 1860ల్లో షార్ల్ మార్విల్ పారిస్ పాత సందుల్ని ఎంతో ఓపికగా ఫొటోలు తీశాడు. అవి చూస్తే ఆ సందుల మీద ప్రేమతో తీశాడనిపిస్తుంది. తీయించింది నగరపాలక సంస్థ. కూల్చబోయే వీధులకి రికార్డు కావాలని ఆ పని ఒప్పగించింది. ఇది తెలిశాక ఆ ఖాళీ సందులు వేరేగా కనిపిస్తాయి. అట్లాగే, డబ్బిచ్చి తీయించుకోలేనివాళ్లు ఆనాటి ఫొటోల్లో అంచులకే పరిమితం: గుర్రం కళ్లెం పట్టుకున్నవాడు, గుమ్మం వెనక నిలబడ్డ పనిమనిషి. 1888లో చేతి కెమెరా, 1900లో చవక బ్రౌనీ కెమెరా వచ్చేదాకా దాదాపు ఇదే పరిస్థితి. ఒక ప్రాంతం చరిత్ర రాస్తానంటున్నావు కదా, మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దమనిషి గురించి ఇప్పటికే చాలామంది రాసి ఉంటారు. నువ్వు ఆ కళ్లెం పట్టుకున్నవాడి దగ్గర మొదలుపెట్టు.

ఫొటో అబద్ధం చెప్పదనే మాట నమ్మకు. 1855లో క్రిమియా యుద్ధంలో రోజర్ ఫెంటన్ అనే బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ ఒకే చోట కెమెరా నిలిపి ఒక లోయని రెండుసార్లు తీశాడు. ఒకదాంట్లో రోడ్డు నిండా ఫిరంగి గుండ్లు, రెండోదాంట్లో రోడ్డు శుభ్రంగా ఉంటుంది. ఏది ముందు తీశాడు, గుండ్లు ఎవరు కదిపారు అని చాలాకాలం వాదించుకున్నారు. రెండూ దొరికాయి కాబట్టి వాదన పుట్టింది. ఒక్కటే దొరికి ఉంటే అందరం కళ్లు మూసుకుని నమ్మేవాళ్లం.

ఇక పని చేసే పద్ధతి. ఫొటో తిప్పి వెనకవైపు చూడు. స్టూడియో ముద్ర, పెన్సిల్ రాత, పోస్ట్‌కార్డయితే చిరునామా గీత. వెనకవైపు సగం ఉత్తరానికి, సగం చిరునామాకి కేటాయించే పద్ధతి బ్రిటన్‌లో 1902లో, అమెరికాలో 1907లో వచ్చింది. ఆ ఒక్క నిలువు గీత చాలాసార్లు తేదీ తగువు తీర్చేస్తుంది. రాత ఫొటోకన్నా ముప్పై ఏళ్ల తర్వాతది కావచ్చు, కాబట్టి సిరాని కూడా అనుమానించు. తర్వాత భూతద్దం తీసుకుని బోర్డుల మీది అక్షరాలు, కరెంటు స్తంభాలు, ట్రామ్ పట్టాలు, నీడలు చూడు. తీగలు లేని స్తంభం ఒక కథ, సగం కట్టిన గోడ ఇంకో కథ.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. ఫొటోని యాప్‌లో పెట్టి రంగులద్ది, పదును పెట్టించి దాన్ని చూసి రాయకు. అది బోర్డు మీద లేని అక్షరాల్ని కల్పిస్తుంది, నల్లగా పడ్డ బట్టకి నల్లరంగే అద్దుతుంది. నేను చేసిన తప్పే, కాకపోతే మెషిన్ స్పీడులో.

పెద్దవాళ్లకి ఫొటో చూపిస్తే వాళ్లు చెప్పేది రాసుకో, కానీ ఫొటోలో నువ్వు చూసినదాంతో కలపకు. రెండూ వేరువేరు పేజీల్లో ఉండాలి. అవి ఒకదానికొకటి పొసగని చోట నీ వ్యాసం మొదలవుతుంది. ఆల్బమ్ తీసుకుంటే చెప్పిన రోజుకి తిరిగిచ్చెయ్. ఈ విషయంలో మాట తప్పిన వాళ్ల వల్ల ఎన్ని తలుపులు మూసుకున్నాయో నాకు తెలుసు.

నవ్వని ముఖాల మీద రాసిన పేరా తీసెయ్యి. అందరూ అదే రాస్తారు.

వ్యాసం మళ్లీ మొత్తం రాయక్కర్లేదు. ముందు ఆ కుడి అంచుని ఇంకా వివరంగా స్కాన్ చేసి, వెనకవైపు కూడా పంపు. స్తంభం పక్కన ఆ మచ్చ మనిషిదైతే, కొద్దిసేపు ఆగి కదిలి ఉండాలి. ఎందుకు ఆగాడో, ఏ వైపు వెళ్లాడో, ఫొటోలో దొరికిన ఆధారం మేరకు ఒక పేరా రాసి దాంతోపాటు పెట్టు. చదివి జవాబు రాస్తాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య