ఈనిన గేదెకు కాఫీ రంగు మూత్రం: వేడి కాదు, భాస్వరం లోటు

ప్రశ్న: మా ముర్రా గేదె నాలుగో ఈత. ఈని మూడు వారాలైంది. పూటకు ఆరు లీటర్లు ఇచ్చేది. మొన్నటి నుంచి మూత్రం కాఫీ డికాషన్ రంగులో పోస్తోంది, పాలు సగానికి పడిపోయాయి. జ్వరం లేదు. పేడ గట్టిగా వేస్తోంది. వరిగడ్డితో పాటు విజయవాడ మార్కెట్ నుంచి తెచ్చిన క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకులు వేస్తున్నాం. వేడి చేసిందని మజ్జిగ పట్టించాం, రక్తం ఆగడానికి ఇంజెక్షన్ వేయించాం. తగ్గలేదు. ఇది పిడుదుల వల్ల వచ్చిందా? పాలు వాడుకోవచ్చా?
– ఒక రైతు, దుగ్గిరాల మండలం, గుంటూరు జిల్లా

జవాబు: ముందు పశువైద్యుణ్ణి పిలిపించండి, మిగతాది తర్వాత చదవచ్చు. దగ్గర్లో ఎవరూ దొరక్కపోతే సంచార పశువైద్య వాహనం కోసం 1962కి ఫోన్ చేయండి. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది ఈనిన తర్వాత వచ్చే రక్తమూత్ర వ్యాధిలా ఉంది. ఎక్కువ పాలిచ్చే గేదెల్లో, మూడో ఈత దాటాక, ఈనిన రెండు నుంచి నాలుగు వారాల్లో తరచూ కనబడుతుంది. ఆలస్యం చేస్తే గేదె దక్కడం కష్టం.

డాక్టరు వచ్చేలోగా మూత్రాన్ని ఒక గాజు సీసాలో పట్టి గంటసేపు కదపకుండా ఉంచండి. ఎరుపు అడుక్కి దిగి పైన తేటపడితే మూత్రనాళంలో ఎక్కడో రక్తం కారుతోందని అర్థం. సీసా అంతా ఒకే రంగులో ఉండిపోతే రక్తం కారడం లేదు, ఎర్ర రక్తకణాలు లోపలే పగిలి వాటి హిమోగ్లోబిన్ మూత్రంలోకి దిగుతోంది. మీ గేదె విషయంలో నేను అనుమానించేది రెండోదే. అందుకే రక్తం గడ్డకట్టించే ఇంజెక్షన్ పని చేయలేదు. ఆపడానికి అక్కడ గాయమే లేదు కదా.

కణాలు ఎందుకు పగులుతున్నాయో చెబుతాను, అది తెలిస్తే మేత విషయంలో మీరే నిర్ణయం తీసుకోగలరు. హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉంటుంది. రోజంతా ఆక్సిజన్‌ను మోసే పనిలో ఆ ఇనుము కొంత ఆక్సీకరణకు గురై పనికిరాకుండా పోతుంది. కణంలో ఉండే ఎంజైములు దాన్ని క్షయకరణం (ఆక్సీకరణకు వ్యతిరేక చర్య) ద్వారా మళ్లీ మామూలు స్థితికి తెస్తాయి. ఆక్సిజన్ వల్ల పుట్టే పెరాక్సైడ్లను గ్లూటాథయోన్ అనే చిన్న పదార్థం అణచిపెడుతుంది. ఈ గ్లూటాథయోన్ తయారు కావాలంటే ఏటీపీ అనే శక్తి కావాలి. ఎర్ర రక్తకణంలో మైటోకాండ్రియా (కణానికి శక్తిని తయారుచేసే భాగం) ఉండదు, గ్లూకోజును విడగొట్టుకోవడం తప్ప దానికి వేరే శక్తి మార్గం లేదు. ఆ విడగొట్టే క్రమంలో ఒక మెట్టు దగ్గర ఫాస్ఫేట్, అంటే భాస్వరం లవణ రూపం, తప్పనిసరి. ఈనాక భాస్వరం పాలలోకి ధారాళంగా పోతుంది. వరిగడ్డిలో ఉండేది చాలా తక్కువ. రక్తంలో భాస్వరం పడిపోతే ఏటీపీ తగ్గుతుంది, దాంతో గ్లూటాథయోన్ తగ్గుతుంది. చివరికి హిమోగ్లోబిన్ చెడి గడ్డలు కడుతుంది, కణం పొర బిరుసెక్కి పగిలిపోతుంది.

దీనికి తోడు మీరు వేస్తున్న క్యాబేజీ ఆకులు. ఈ జాతి ఆకుల్లో ఉండే ఒక గంధక పదార్థాన్ని పొట్టలోని సూక్ష్మజీవులు డైమిథైల్ డైసల్ఫైడ్‌గా మారుస్తాయి. అది రక్తంలోకి చేరి, ఉన్న కాస్త గ్లూటాథయోన్‌నూ ఖర్చు చేయిస్తుంది. కొద్దిగా వేస్తే ఆరోగ్యంగా ఉన్న పశువు తట్టుకుంటుంది. భాస్వరం లేని పాడిగేదె తట్టుకోలేదు. కుళ్లిన ఉల్లిపాయలదీ దాదాపు ఇదే కథ. మార్కెట్‌లో ఊరికే వస్తున్నాయని తెచ్చి వేయకండి.

పిడుదుల జ్వరంలోనూ ఎర్ర మూత్రం వస్తుంది, కానీ అందులో సాధారణంగా ఒళ్లు కాలిపోయేలా జ్వరం ఉంటుంది. మీ గేదెకు జ్వరం లేదన్నారు. అయినా ఆ జ్వరం క్రిములు ఉన్నాయేమో చెవి దగ్గర రక్తం తీసి స్లైడు మీద చూడమని డాక్టరును అడగండి, లెప్టోస్పైరా (మూత్రం ద్వారా మనుషులకూ సోకే బ్యాక్టీరియా) సంగతి కూడా అడగండి. రక్తంలో భాస్వరం 100 మిల్లీలీటర్లకు మామూలుగా 4 నుంచి 7 మిల్లీగ్రాములు ఉండాలి. ఈ వ్యాధిలో తరచూ 2 కన్నా కిందికి జారుతుంది. దాన్ని కొలిచే పరీక్షల్లో బాగా పేరున్నది మన భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ప్రచురించిన పద్ధతి. ఫాస్ఫేట్‌ను మాలిబ్డేట్ అనే రసాయనంతో కలిపి క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది, రంగు ముదిరినకొద్దీ భాస్వరం ఎక్కువ ఉన్నట్టు. ఏటీపీని 1929లో గుర్తించినవారిలోనూ ఆయన ఉన్నారు.

చికిత్సలో అసలు మందు సోడియం యాసిడ్ ఫాస్ఫేట్. 60 గ్రాములను 300 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి డాక్టర్లు నెమ్మదిగా నరానికి ఎక్కిస్తారు, తర్వాత చర్మం కిందా, నోటి ద్వారానూ కొనసాగిస్తారు. తోడుగా విటమిన్ సి ఇస్తారు. కళ్లు, చిగుళ్లు మరీ తెల్లబడితే వేరే గేదె రక్తం ఎక్కించాల్సి రావచ్చు. భాస్వరం టానిక్కు ఇంజెక్షన్లు ఫాస్ఫేట్ లవణానికి బదులు కావు. కొందరు డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ ఎరువులను నీళ్లలో కలిపి పట్టిస్తున్నారు, దయచేసి ఆ పని చేయకండి. డీఏపీలో అమ్మోనియా, సూపర్‌లో ఫ్లోరిన్ ఉంటాయి. నీరసంగా ఉన్న గేదెకు గొట్టంతో ఏదీ బలవంతంగా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మన వైపు గేదె ఈనగానే కాల్షియం సీసాలు వరసగా పట్టిస్తారు. చాలావాటిలో భాస్వరం అరకొరే. దాని బదులు చూడి చివరి రెండు నెలల నుంచే రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపండి. కిలో, కిలోన్నర తవుడు పెట్టండి. తవుడులో భాస్వరం బాగా ఉంటుంది, అది ఫైటేట్ అనే, సులువుగా విడిపోని రూపంలో ఉన్నా నెమరువేసే పశువుల పొట్టలోని సూక్ష్మజీవులు విడదీసుకుంటాయి.

పాల సంగతి: భాస్వరం లోటు అంటువ్యాధి కాదు. కానీ లెప్టోస్పైరా లేదని తేలేదాకా ఆ మూత్రాన్ని వట్టి చేతులతో ముట్టకండి, పాలు పొంగు వచ్చేలా కాచే వాడండి. మందులు వాడుతున్నప్పుడు ఎన్ని రోజులు పాలు పక్కన పెట్టాలో డాక్టరునే అడగండి.