చదివితే అర్థమై, వింటే అర్థం కాని ఇంగ్లీషు
మీ విద్యార్థులు పాఠం చదివితే అర్థం చేసుకుంటున్నారనీ, అదే ఆడియోలో వింటే తెల్లమొహం వేస్తున్నారనీ రాశారు. వారికి తెలియనిది పదం కాదు, మాటల ప్రవాహంలో ఆ పదం పలికే తీరు. 'డిడ్ యు' అన్నది వేగంగా మాట్లాడేటప్పుడు 'డిజు' అవుతుంది; 'నెక్స్ట్ డే'లో 'ట్' దాదాపు వినిపించదు. వినిపించి ప్రశ్నలు అడగడం పరీక్ష అవుతుందే గాని బోధన కాదని నా గట్టి అభిప్రాయం. కాబట్టి 30 సెకన్ల ఆడియో తీసుకుని, మొదట పాఠ్యం చూపకుండా సారాంశం మాత్రం చెప్పించి, తరువాత అందులోని ఒక్క వాక్యాన్ని మూడు నాలుగు సార్లు వినిపిస్తూ విన్నది విన్నట్టు రాయించి, అప్పుడు అసలు పాఠ్యంతో పోల్చుకోమనండి. తప్పిపోయిన చోట్ల గీత గీయించండి. అవి చాలావరకు 'టు', 'ఫర్', 'హావ్' వంటి చిన్న పదాలే అయి ఉంటాయి. ఆ ముక్కను వారి చేతనే అదే వేగంతో పలికించండి, ఎందుకంటే నోటికి అలవాటైన ధ్వనిని చెవి త్వరగా పట్టుకుంటుంది.