కార్డు కంటే ముందు కెమెరా సంగతి చూడు తమ్ముడూ

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది చీమకుర్తి. పెళ్లిళ్లకి వీడియోలు తీస్తాను. ఎడిటింగ్ ఇన్నాళ్లూ ఒంగోల్లో బయట చేయిస్తున్నాను, మిగిలే నాలుగు రూపాయలూ దానికే పోతున్నాయి. సొంతంగా సిస్టం పెట్టుకుందామని 80,000 కూడబెట్టాను. మానిటర్ పాతది ఉంది. పని లేనప్పుడు నేనూ మా తమ్ముడూ వాలరెంట్, జీటీఏ ఆడతాం, అవి కూడా ఆడాలి. షాపులో రాసిచ్చిన కొటేషన్ ఇది: రైజెన్ 5 5600 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఒకటి, 500 జీబీ ఎన్‌వీఎంఈ డిస్కు, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, రంగు లైట్ల క్యాబినెట్, దాంతోనే వచ్చే 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (సిస్టంకి కరెంటు అందించే పెట్టె). నా కెమెరా సోనీ ఏ7 ఫోర్. ఎడిటింగ్ ప్రీమియర్ సాఫ్ట్‌వేర్‌లో. తీసుకోమంటారా?
(ఒక పాఠకుడు, చీమకుర్తి)

జవాబు: ఇది ఇలాగే తీసుకోవద్దు తమ్ముడూ. షాపు వాళ్లు మోసం చేశారని అనను. ఆటలు ఆడుకునే కుర్రాడికైతే ప్రాసెసరూ కార్డూ రెండూ మంచివే రాశారు. నీ కెమెరా ఏ రకం ఫైలు ఇస్తుందో మాత్రం అడిగినట్టు లేరు. ఎడిటింగ్ సిస్టంకి అదే మొదటి ప్రశ్న.

కెమెరా మెనూలో ఫైల్ ఫార్మాట్ దగ్గరికి వెళ్లి చూడు. ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ అని ఉంటే వీడియోని కుదించే పద్ధతి హెచ్.265. ఎక్స్‌ఏవీసీ ఎస్ అని ఉంటే హెచ్.264. దాని కిందే 4:2:2 10 బిట్ అనో, 4:2:0 8 బిట్ అనో ఉంటుంది. 4:2:2 అంటే రంగు వివరం ఎక్కువ దాచుకున్న ఫైలు. పెళ్లికూతురి పట్టుచీర రంగు దిద్దాలంటే అదే బాగుంటుంది. కానీ ఆ ఫైలుని విప్పి ఆడించే యంత్రం 4060 కార్డులో లేదు. రైజెన్ 5600లో అసలు గ్రాఫిక్సే లేదు. ఇక మొత్తం భారం ప్రాసెసర్ ఒక్కడి నెత్తినే పడుతుంది. టైమ్‌లైన్ మీద రెండు కెమెరాల క్లిప్పులు పెట్టి ప్లే నొక్కావంటే తలంబ్రాలు ఆగి ఆగి పడతాయి. కొత్త కార్డు కొన్నా ఎందుకు ఆగుతోందో నీకు అర్థం కాదు.

కార్డు నంబరులో మొదటి అంకె 4 బదులు 5 ఉంటే ఈ బాధ పోతుంది. ఆర్‌టీఎక్స్ 50 వరస కార్డులు 4:2:2 ఫైళ్లని హెచ్.264లోనూ హెచ్.265లోనూ కార్డు మీదే విప్పుతాయి, ప్రీమియర్ మాత్రం కొత్త వెర్షన్ వేసుకోవాలి. అందులో చిన్నది 5050, 8 జీబీది, నీకు చాలు. 4060 కంటే కింది మెట్టు కార్డులా కనపడుతుంది గానీ నీ పనికి ఇదే మేలు. నీ పాత మానిటర్ 60 హెర్ట్జ్‌దే అయ్యుంటుంది. కార్డు సెకనుకి 200 ఫ్రేములు తీసినా ఆ తెర 60కి మించి చూపించలేదు. వాలరెంట్‌కీ జీటీఏకీ 5050 సరిపోతుంది. మిగిలిన డబ్బు ర్యామ్‌లో పెడదాం.

ప్రాసెసర్ నేనైతే ఇంటెల్ ఐ5-12400 తీసుకుంటాను. పేరు చివర 'ఎఫ్' ఉండకూడదు, బిల్లు రాసేటప్పుడు పక్కన నిలబడి చూసుకో. ఎఫ్ ఉన్నదాంట్లో గ్రాఫిక్స్ ఉండదు. ఎఫ్ లేనిదాంట్లో ఉన్న చిన్న గ్రాఫిక్స్ కూడా హెచ్.265 4:2:2 ఫైళ్లని విప్పుతుంది. అంతకంటే ముఖ్యం, మాఘమాసం ముహూర్తాల మధ్యలో కార్డు పాడై వారంటీకి పోయిందనుకో, మానిటర్ వైరు మదర్‌బోర్డుకి మార్చుకుని పని నడిపించుకోవచ్చు. అదే 5600తో అయితే కార్డు వచ్చేదాకా తెర నల్లగానే ఉంటుంది. బోర్డు బీ760, డీడీఆర్4 రకం, ర్యామ్‌కి నాలుగు స్లాట్లు ఉన్నది అడుగు.

ర్యామ్ ఎనిమిది జీబీ ఒక్కటి అన్నారే, అది చూసి నాకు మనసు కష్టమైంది. ప్రీమియర్ తెరిచి, పక్కన పాటల కోసం బ్రౌజర్ తెరిస్తే అదంతా అయిపోతుంది. పైగా ఒకే కర్ర పెడితే ప్రాసెసర్‌కీ మెమరీకీ మధ్య దారి సగమే వాడినట్టు. ఎప్పుడూ జంటగా పెట్టాలి. 16 జీబీవి రెండు, మొత్తం 32. 2025 చివరి నుంచి మెమరీ ధరలు రెట్టింపు దాటి పెరిగాయి. ఏఐ డేటా సెంటర్ల కోసం ఫ్యాక్టరీలు సరుకంతా అటు మళ్లిస్తున్నాయి, మన దాకా వచ్చేది తగ్గింది. 32కి డబ్బు చాలకపోతే ఇప్పుడు 8 జీబీవి రెండు పెట్టు, రెండు స్లాట్లు ఖాళీగా ఉంటాయి, సీజన్ డబ్బులు వచ్చాక అదే రకం ఇంకో జంట కొను. బిగించాక బయోస్‌లోకి, అంటే విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగుల్లోకి వెళ్లి, ర్యామ్‌ని పూర్తి వేగంలో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయించు. అది చేయకపోతే 3200 అని కొన్న ర్యామ్ చాలాసార్లు తక్కువ వేగంలోనే తిరుగుతుంది. నా దగ్గరికి వచ్చే సిస్టంలలో చాలావాటికి ఆ ఒక్క పనీ చేసి ఉండదు. అదే బయోస్‌లో టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు కూడా ఆన్‌లో ఉన్నాయేమో చూడు, విండోస్ 11 మీద అవి లేకపోతే వాలరెంట్ తెరుచుకోదు.

ఇక ఎస్‌ఎంపీఎస్. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఓపిగ్గా చదువు.

మా నాయనకి ఒంగోల్లో ఫొటో స్టూడియో ఉండేది. మినీ డీవీ టేపుల రోజుల నుంచి నేను అక్కడే ఎడిటింగ్ చేశాను. టేపులున్నప్పుడు ఏం జరిగినా ధైర్యం, అసలు వీడియో బీరువాలో ఉండేది. తర్వాత మెమరీ కార్డులొచ్చాయి. 2012 వేసవిలో మద్దిపాడు వైపు పల్లెలో ఒక పెళ్లి తీశాం. మర్నాడు ఇంకో పెళ్లి ఉందని వీడియో అంతా సిస్టంలోకి ఎక్కించి కార్డులు ఫార్మాట్ చేసేశాం. ఆ సిస్టం నేను బిగించిందే. డబ్బు కలిసొస్తుందని క్యాబినెట్‌తో వచ్చిన ఎస్‌ఎంపీఎస్‌నే ఉంచాను. మూడో రోజు రాత్రి కరెంటు పోయి వచ్చింది. ఫ్యాన్ గిర్రున తిరిగింది, లోపల 'టప్' మంది. కాలిన చేప వాసన లాంటిది గదంతా కమ్మింది. ప్లగ్గు పీకేసి మూత తీసి చూస్తే బోర్డు మీద నల్ల మచ్చ, రెండు హార్డ్‌డిస్కుల అడుగున సర్క్యూటూ మాడిపోయింది. ఆ పెళ్లిలో పెళ్లికూతురి తాత మంచం మీద కూర్చునే అక్షింతలు వేశాడు. మూడు నెలలకి ఆయన పోయాడు. వాళ్లు స్టూడియోకి వచ్చి, ఫొటోలు కాదమ్మా, ఆయన కదిలేది కొంచెమైనా లేదా అని అడిగారు. లేదు. ఆ రోజు నుంచి ఏ ఎస్‌ఎంపీఎస్‌నీ స్టిక్కర్ చదవకుండా నేను బిగించలేదు.

స్టిక్కర్ ఎలా చదవాలో చెబుతాను. పక్కన పెద్దక్షరాలతో 500 అని ఉంటుంది, దాన్ని వదిలెయ్. చిన్న పట్టికలో +12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంప్స్ రాశారో చూడు. ప్రాసెసరూ కార్డూ తినేది అక్కడి నుంచే. 20 ఆంప్స్ అని ఉంటే 12 ఇంటూ 20, అంటే 240 వాట్లే. నీ ప్రాసెసర్ గట్టిగా పనిచేసేటప్పుడు 117 వాట్ల దాకా, కార్డు 130 దాకా తింటాయి. రెండూ కలిస్తేనే 247. ఇంకా ఫ్యాన్లు, డిస్కులు ఉన్నాయి. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ ముద్ర ఉన్న, 12 వోల్టుల మీద 40 ఆంప్స్‌కి పైన ఇచ్చే 550 వాట్లది విడిగా కొను. లైట్ల క్యాబినెట్ మానేస్తే ఆ డబ్బులో చాలావరకు సర్దుకుంటుంది.

క్యాబినెట్ ముందు భాగం అద్దం కాకుండా జల్లెడలా ఉన్నది చూసుకో, దానికి తీసి కడుక్కునే ఫిల్టర్ ఉండాలి. చీమకుర్తిలో గెలాక్సీ రాయి కోసే పొడి ఏ కిటికీలోంచి వస్తుందో నీకు నేను చెప్పాలా? మీ వైపు నుంచి వచ్చిన ఒక సిస్టం తెరిస్తే హీట్‌సింక్ రెక్కల మధ్య బూడిదరంగు పొర గోడలా కట్టుకుపోయి ఉంది, గోటితో గీస్తే ముక్కగా ఊడొచ్చింది. రోహిణి కార్తెలో అలాంటి సిస్టం వేడెక్కి తనంతట తనే నెమ్మదిస్తుంది. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి లాగేలా, వెనక ఒకటి బయటికి తోసేలా పెట్టు. లోపలికి వచ్చే గాలి ఎక్కువుంటే సందుల్లోంచి దుమ్ము దూరదు. నేల మీద కాకుండా బల్ల మీద ఉంచు. నెలకోసారి ఫిల్టర్ దులుపు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకో, గాలికి అది విపరీతంగా తిరిగితే పాడవుతుంది.

క్యాబినెట్ తాకితే చెయ్యి జివ్వుమంటోందా? అయితే ఇంట్లో ఎర్తింగ్ లేదన్నమాట. ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటు మలినాలని ఎర్త్‌లోకి పంపే చిన్న కెపాసిటర్లు ఉంటాయి, ఎర్త్ లేకపోతే అది క్యాబినెట్ రేకు మీదే నిలబడుతుంది. మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల అడాప్టర్ పెట్టి పని కానివ్వద్దు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఉప్పు, బొగ్గు వేసి గుంట తీయించు, ఎండాకాలం దాంట్లో బిందెడు నీళ్లు పోస్తుండు. తర్వాత యూపీఎస్. 600 వీఏ అని రాసినవి చాలావరకు 360 వాట్లే ఇస్తాయి, అది చాలదు. 1 కేవీఏది తీసుకో.

స్టోరేజి లెక్క నువ్వే వేసుకోవచ్చు. 100 మెగాబిట్లలో తీస్తే గంటకి 45 జీబీ, 200 పెడితే 90. మినీ డీవీ టేపు గంటకి 13 జీబీ ఉండేది, అదే మాకు అప్పట్లో కొండంత అనిపించేది. పెళ్లికి రెండు కెమెరాలు నాలుగేసి గంటలు తిరిగితే 100 మెగాబిట్ల దగ్గరే 360 జీబీ. విండోస్, ప్రీమియర్, ఆటలు కూడా దాని మీదే ఉంటాయి గనక 500 జీబీ డిస్కు ఒక్క పెళ్లికే నిండిపోతుంది. 1 టీబీ ఎన్‌వీఎంఈ పెట్టి దాని మీద పని చెయ్యి. అయిపోయిన పెళ్లిళ్లకి మామూలు హార్డ్‌డిస్క్ ఒకటి పెట్టు, బయట పెట్టుకునేది ఇంకోటి. రెండు చోట్లా ఎక్కి, రెండు చోట్లా ఒక క్లిప్పు ఆడించి చూసుకున్నాకే కెమెరా కార్డు ఫార్మాట్ చెయ్యి. 80,000 దాటుతోందనిపిస్తే కార్డు కొనడం రెండు నెలలు ఆపు, 12400లో గ్రాఫిక్స్ ఉంది గనక హెచ్‌ఎస్ ఫైళ్ల పని ఆగదు, ఆటలే కాస్త ఆగుతాయి. హార్డ్‌డిస్క్‌నీ ఎస్‌ఎంపీఎస్‌నీ మాత్రం తగ్గించుకోకు.

కొనడం ఎక్కడంటావా, పినాకిని ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయేవాళ్లు మన వైపు చాలామందే ఉన్నారు. తేడా రెండు మూడు వేల లోపైతే ఒంగోల్లోనే కొను. వారంటీ కోసం మళ్లీ రైలెక్కాల్సి వస్తే ఒక రోజు పని పోతుంది. ఎక్కడ కొన్నా జీఎస్‌టీ బిల్లు మీద ప్రతి వస్తువు సీరియల్ నంబరూ రాయించుకో. ఇంటికొచ్చాక మానిటర్ వైరు బోర్డుకి కాదు, కార్డుకి పెట్టు.

ప్రశ్న: మేడం, మా అబ్బాయి ఇంజనీరింగ్‌లో చేరాడు. కోర్సు కోసం లక్షన్నర గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలంటున్నాడు. నిజంగా అవసరమా?
(ఒక తల్లి, కందుకూరు)

జవాబు: అమ్మా, మొదటి ఏడాది ప్రోగ్రామింగ్‌కి 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు, అంత ధర అక్కర్లేదు. త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉంటుందంటే దాని పేరు కాలేజీలో అడిగి తెలుసుకుని నాకు రాయండి, దాన్నిబట్టి చెబుతాను. ఆటల కోసమే అడుగుతుంటే అబ్బాయిని ఆ మాటే చెప్పమనండి. హాస్టల్‌కి మామూలు ల్యాప్‌టాప్, ఇంట్లో చిన్న డెస్క్‌టాప్, రెండూ కలిపినా ఆ లక్షన్నర లోపే అవుతాయి.

ప్రశ్న: ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. అయినా కరెంటు పోయినప్పుడల్లా కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోంది. లైట్లు మాత్రం ఆరవు. ఏం చేయాలి?
(ఒక పాఠకుడు, పొదిలి)

జవాబు: ఇన్వర్టర్ మీద చిన్న స్విచ్చి ఉంటుంది, చాలావాటికి వెనకాలే. నార్మల్ లేదా ఎకో అని ఒకవైపు, యూపీఎస్ అని ఇంకోవైపు రాసి ఉంటుంది. దాన్ని యూపీఎస్ వైపుకి తిప్పండి. నార్మల్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి పట్టే క్షణం ట్యూబులైటుకి తెలియదు, కంప్యూటర్‌కి తెలుస్తుంది. తిప్పాక కూడా రీస్టార్ట్ అవుతుంటే ఎస్‌ఎంపీఎస్‌లో కెపాసిటర్లు నీరసించి ఉంటాయి. మీ సిస్టం కొని ఎన్నేళ్లయిందో, ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ మీద 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంప్స్ ఉందో ఫొటో తీసి పంపండి.