రైజెన్ 5 2600 తీసి కొత్త ప్రాసెసర్ వేస్తే ఎడిటింగ్‌కీ గేమింగ్‌కీ నిజంగా తేడా తెలుస్తుందా?

తమ్ముడూ, గుణుపురంలో పగలు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి రాత్రి వాలరెంట్, జీటీఏ 5 ఆడతానని రాశావు. రైజెన్ 5 2600 ప్రాసెసర్, బి450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు, 144 హెర్ట్జ్ (సెకనుకి 144 ఫ్రేములు చూపించే) మానిటర్. విశాఖలో షాపతను "ఇది పాతబడిపోయింది, బోర్డుతో సహా మొత్తం మార్చెయ్" అన్నాడు, మార్చాలా అని అడిగావు. నేను రాయగడలో ఇదే పని చేస్తున్నాను, మొన్నమొన్నటి దాకా ఇంచుమించు ఇదే మెషీన్ మీద. మొత్తం మార్చక్కర్లేదు. ప్రాసెసర్ ఒక్కటీ మార్చు చాలు, అది కూడా రెండో ర్యామ్ స్టిక్ వేసి చూశాకే.

షాపతను చెప్పనిది ఏంటంటే, నీ బోర్డు సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) ఎఎం4 రకం. 2018లో వచ్చిన 2600 కూర్చునే చోటే 2022లో వచ్చిన రైజెన్ 5 5600 కూడా కూర్చుంటుంది. రెండిటికీ ఆరు కోర్లే, పన్నెండు థ్రెడ్లే (ఒకేసారి నడిపే పనుల వరసలు), 65 వాట్లే, కాగితం మీద చూస్తే "ఇందులో కొత్తేముంది" అనిపిస్తుంది. అసలు తేడా లోపల ఉంది. 2600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 16 ఎంబీ, అదీ ఎనిమిదీ ఎనిమిదిగా రెండు ముక్కలు, మూడేసి కోర్లకి ఒక ముక్క. 5600లో 32 ఎంబీ మొత్తం ఆరు కోర్లూ కలిసి వాడుకుంటాయి. గేముల్లో లాభానికి అదో పెద్ద కారణం. కొనేటప్పుడు పేరు సరిగ్గా చూసుకో, 5500, 5600జీ అని తక్కువలో అంటగడతారు, వాటిలో క్యాష్ మళ్లీ 16 ఎంబీయే.

నీ గేముల్లో ప్రాసెసరే అడ్డం పడుతోందా అన్నది ఎవర్నీ అడగక్కర్లేదు, ఇవాళ రాత్రే చూసుకోవచ్చు. వాలరెంట్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములో) చూపించే ఆప్షన్ ఆన్ చేసి, రిజల్యూషన్ బాగా తగ్గించి ఒక మ్యాచ్ ఆడు. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే ఇప్పటిదాకా ఆపింది గ్రాఫిక్స్ కార్డు, ఎక్కడిదక్కడే ఉంటే ప్రాసెసరో ర్యామో. టాస్క్ మేనేజర్ తెరిచి "ప్రాసెసర్ నలభై శాతమే వాడుతోంది, ఇంకా బోలెడు ఖాళీ ఉంది" అనుకోకు, అది పన్నెండు థ్రెడ్ల సగటు. గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి థ్రెడ్లు విడివిడిగా కనిపించేట్టు పెట్టుకుంటే ఒకటో రెండో పైకప్పుకి తగిలి ఉంటాయి, మిగతావి నిద్రపోతుంటాయి. వాలరెంట్ లాంటి గేముల్లో ఇదే జరుగుతుంది. నీది 60 హెర్ట్జ్ మానిటరైతే గేముల కోసం పైసా కూడా ఖర్చు పెట్టొద్దని చెప్పేవాణ్ణి, 144 కాబట్టి తేడా కంటికి తెలుస్తుంది.

ముందు ర్యామ్ సంగతి. ఒకటే స్టిక్ అంటే సింగిల్ ఛానల్, మెమరీకి ప్రాసెసర్‌కి మధ్య దారి సగం మూసేసినట్టే. నీ దగ్గరున్న స్పీడుదే ఇంకో 16 జీబీ వేసి, బయాస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల ప్రోగ్రాం) ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని దాని అసలు స్పీడులో నడిపే సెట్టింగ్) ఆన్ చెయ్యి. మా దగ్గరికి రిపేరుకొచ్చే వాటిలో చాలా మెషీన్లు 3200 స్పీడు ర్యామ్ పెట్టుకుని 2400 దగ్గరో ఇంకా కిందో నడుస్తూనే ఉంటాయి, ఎవరూ ఆన్ చెయ్యలేదు కాబట్టి. 2600కి 3200 ఒక్కోసారి పడదు, హ్యాంగ్ అయితే 2933 పెట్టు. నాకైతే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో బాధ సగం అక్కడే తగ్గింది.

ఇక పని. ఎడిటింగ్‌లో "స్లో" అని అందరం ఒకే మాట అంటాం గానీ ఆగేది ఒక్కోసారి ఒక్కోచోట. టైమ్‌లైన్ మీద క్లిప్ లాగితే జెర్కులు వస్తున్నాయా, నీ కెమెరా ఏ ఫార్మాట్‌లో తీస్తోందో చూడు. ఇప్పుడు సోనీ కెమెరాల్లో చాలామంది 10 బిట్ 4:2:2 (రంగుల సమాచారం ఎక్కువ దాచే ఫార్మాట్) పెట్టి షూట్ చేస్తున్నారు. ఆ ఫైళ్లని సొంత హార్డ్‌వేర్‌తో విప్పే శక్తి 1660 సూపర్‌కి లేదు, 5600లో అయితే గ్రాఫిక్సే ఉండదు, అంటే భారమంతా కోర్ల మీదే. కొత్త ప్రాసెసర్ వేసినా కొంచెం మెరుగవుతుందే తప్ప సమస్య పోదు. దానికి మందు ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి నకలు క్లిప్‌లు, ఖర్చు లేదు. రాత్రి పడుకునే ముందు ప్రాక్సీలు తయారవడానికి పెట్టేస్తే పొద్దున్నకి టైమ్‌లైన్ వెన్నలా కదులుతుంది. ఇంటెల్ 11వ తరం నుంచి లోపలి గ్రాఫిక్స్ ఉన్న చిప్‌లు 4:2:2 హెచ్ఈవీసీని (వీడియోని కుదించే ఒక పద్ధతి) సులువుగానే విప్పుతాయి, అది నిజమే. కానీ ఆ ఒక్కదాని కోసం బోర్డు మార్చడం నాకు నచ్చదు.

ఎక్స్‌పోర్ట్, అంటే పూర్తయిన వీడియోని ఫైలుగా తీయడం, వేరే కథ. ఎన్‌కోడింగ్‌ని కార్డుకి అప్పగిస్తే 1660 సూపర్ బాగానే చేస్తుంది, అయినా నాయిస్ తగ్గించడం, వార్ప్ స్టెబిలైజర్ (వీడియోలో కుదుపు తగ్గించేది) లాంటివి మీద వేస్తే ప్రాసెసర్ చెమటోడుస్తుంది. మా ఊళ్లో ఇంకో తంటా ఉంది, పెళ్లికొడుకు వాళ్లు తెలుగు, పెళ్లికూతురు వాళ్లు ఒడియా, టైటిళ్లు ఇద్దరికీ ఎవరి భాషలో వాళ్లకి కావాలి. అంటే ఒకే పెళ్లి రెండుసార్లు ఎక్స్‌పోర్ట్. మాఘం, వైశాఖం ముహూర్తాల్లో మెషీన్ ఖాళీ ఉండదు. అందుకే నేను 5600 కాకుండా ఎనిమిది కోర్ల 5700ఎక్స్ తీసుకున్నాను, లైట్‌రూమ్‌లో వందల ఫొటోలకి ప్రివ్యూలు కట్టేటప్పుడు కూడా ఆ రెండు కోర్లు పనికొస్తున్నాయి. నీకు నెలకి రెండు మూడు పెళ్లిళ్లే అయితే 5600 సరిపోతుంది, మిగిలిన డబ్బుతో ఎస్ఎస్‌డీ కొనుక్కో. ఒక్కటి గుర్తుంచుకో, 5600 డబ్బాలో కూలర్ వస్తుంది, 5700ఎక్స్‌తో రాదు. మన ఎండలకి కూలర్ దగ్గర పీనాసితనం పనికిరాదు. గేములే ముఖ్యమైతే 96 ఎంబీ క్యాష్ ఉన్న 5700ఎక్స్3డీ దొరికితే చూడొచ్చు, కానీ 1660 సూపర్ పక్కన అది దండగ.

ఎఎం4 తర్వాత వచ్చిన సాకెట్ ఎఎం5కి వెళ్లాలంటే బోర్డు, ప్రాసెసర్‌తో పాటు డీడీఆర్5 ర్యామ్ కూడా కొత్తగా కొనాలి, నీ డీడీఆర్4 అక్కడ పడదు. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు ఎలా ఎగబాకాయో చూస్తూనే ఉన్నావు. "విండోస్ 11 కోసమైనా మార్చాలి" అని కూడా అంటారు, విండోస్ 11 నడిచే ప్రాసెసర్ల జాబితాలో 2600 ఉంది, ఆ టెన్షన్ అక్కర్లేదు.

మార్చేటప్పుడు మాత్రం తొందరపడకు. పాత ప్రాసెసర్ ఉండగానే బయాస్ అప్‌డేట్ చెయ్యాలి, లేకపోతే కొత్తది వేశాక స్క్రీన్ నల్లగానే ఉంటుంది. యూపీఎస్ లేకుండా అసలు మొదలుపెట్టకు, వేసవి సాయంత్రం గాలివాన లేచిందంటే మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందేగా, అప్‌డేట్ మధ్యలో పోతే బోర్డు పోయినట్టే. ఎఎం4లో పిన్నులు ప్రాసెసర్ కిందే ఉంటాయి, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే పేస్ట్ ఎండిపోయి ఉంటే కూలర్ లాగగానే ప్రాసెసర్ కూడా దాని అడుగున అతుక్కుని సాకెట్లోంచి ఊడి వచ్చేస్తుంది, నా చేతుల్లో అలా వచ్చింది, పిన్నులు వంగకపోవడం అదృష్టం. ఓ అరగంట గేమ్ ఆడి మెషీన్ వేడెక్కాక ఆపి, స్విచ్ తీసేసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చెయ్యి, నిలువునా పైకి పీకకు. కొత్తది వేశాక మొదటిసారి ఆన్ చేస్తే ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లో భద్రతా కీలు దాచే భాగం) రీసెట్ చెయ్యాలా అని వై, ఎన్ అడుగుతుంది. బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్క్‌కి వేసే తాళం) ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ ముందే కాగితం మీద రాసిపెట్టుకో, తర్వాతే వై నొక్కు.

నీ బోర్డు పూర్తి పేరు, ఇప్పుడున్న బయాస్ వెర్షన్ రాయి. 5000 సిరీస్‌కి ఏ వెర్షన్ కావాలో, మధ్యలో ఇంకోటి ఎక్కించాలో లేదో చూసి చెప్తాను.