బిళ్ళగన్నేరుకు నీళ్లు పోయాలా, పట్టాలా?

సందేహం: హైదరాబాద్‌లో మా బాల్కనీలో బిళ్ళగన్నేరు పెంచుతున్నాను. మా అత్తగారు ‘చెట్లకు నీళ్లు పట్టు’ అంటారు. మా అమ్మ ‘మొక్కలకు నీళ్లు పొయ్యి’ అంటుంది. వ్యవసాయం పేజీల్లోనేమో ‘తడి ఇవ్వాలి’ అని రాస్తారు. ఏది సరైన ప్రయోగం? పైగా నర్సరీలో ‘వింకా’ అంటే తప్ప గుర్తుపట్టలేదు. ఇది అసలు గన్నేరేనా?

సమాధానం: మూడూ మంచి తెలుగే, చేసే పనులు మాత్రం వేరు. చెంబో మగ్గో వంచి మొదట్లో వదిలితే పోయడం. పైపుతో తడిపితే తెలంగాణలో పట్టడం. కోస్తాలో చాలామందికి నీళ్లు పట్టడమంటే ముందు గుర్తొచ్చేది కొళాయి కింద బిందె పెట్టడం. ‘తడి’ పొలం మాట. నేలంతా నానేలా ఒక విడత పారించే నీరది. అందుకే మొదటి తడి, రెండో తడి అని లెక్క ఉంటుంది. ఇక పైనుంచి పడితే చల్లడం, చిలకరించడం.

మీ మొక్కకు మాత్రం మీ అమ్మగారి మాటే నప్పుతుంది. బిళ్ళగన్నేరు పుట్టిల్లు మడగాస్కర్. అక్కడి తీరప్రాంతపు ఇసుక నేలల్లో, నీరు నిలవని చోట పెరిగిన మొక్క. కుండీలో (మీ అత్తగారు గమ్లా అంటారేమో) ఎర్రమట్టి, ముతక ఇసుక, కంపోస్టు సమపాళ్లలో కలపండి. రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి. పైన అంగుళం మట్టి ఆరాకే అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచింది పారబోయండి. పైపుతో పడితే మట్టి చింది కాండానికి అంటుతుంది, ఆకుల మీద తడి ఆరదు. ఫైటోఫ్తోరా తెగులుకు కావలసింది అదే: కొమ్మలు నల్లబడి వాలిపోతాయి. వానాకాలంలో కుండీని చూరు కిందికి జరపడం మేలు.

ఇక్కడే ఇంకో రెండు మాటలు కలగాపులగం అవుతుంటాయి: వడలడం, ఎండడం. వడలిన ఆకు తేరుకోవచ్చు, ఎండినది తేరుకోదు. వడలిందంటే దాహమనే అనుకోకండి. వేరు కుళ్లితే తడి మట్టిలోనే మొక్క వడలుతుంది, నీళ్లు తాగే వేరు లేక. దాన్ని ‘ఎండిపోతోంది’ అని ఇంకో మగ్గు పోస్తారు, అంతటితో సరి. ముందు మట్టిలో వేలు పెట్టి చూడాలి.

ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఎండడమూ కాదు, వడలడమూ కాదు, పాలిపోవడం. సున్నం ఎక్కువున్న బోరునీళ్లు పోస్తూ ఉంటే మట్టి క్షారగుణానికి మళ్లి, అందులో ఇనుము ఉన్నా వేరుకు అందదు. పట్టి ఉంచిన వాననీళ్లు పోయండి, లేదా చీలేటెడ్ ఐరన్ (అలాంటి మట్టిలోనూ వేరుకు అందే రూపంలోని ఇనుము) వాడండి.

లేత మొక్క నాలుగు జతల ఆకులు వేశాక చిగురు గిల్లాలి. తుంచడం కాదు, గిల్లడమే: గోళ్ల మధ్య కొన మాత్రం తీయాలి. పక్క కొమ్మలు వస్తాయి. నత్రజని ఎరువు దండిగా వేస్తే ఆకే తప్ప పువ్వుండదు.

పేరు సంగతి. అసలు గన్నేరు వేరే ప్రజాతి. కానీ కుటుంబం ఒకటే. పచ్చగన్నేరు, దేవగన్నేరు కూడా అందులోవే. వృక్షశాస్త్రం చదవకుండానే మనవాళ్లు నాలుగింటినీ ఒక పేరు కిందికి చేర్చడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది. ‘బిళ్ళ’ అన్నది జడబిళ్ళలోని బిళ్ళే అనుకుంటాను, పువ్వు గుండ్రంగా, చదునుగా ఉంటుంది కదా. లిన్నేయస్ 1759లో దీనికి వింకా రోజియా అని పేరు పెట్టాడు. తరవాత శాస్త్రజ్ఞులు కాథరాంథస్ ప్రజాతిలోకి మార్చినా నర్సరీలు పాత పేరు వదల్లేదు. ఆ పేరు మందుల్లోనూ మిగిలింది: దీని నుంచి తీసిన క్యాన్సర్ మందులు విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్. అలాగని ‘మందుమొక్క’ అన్న మాట నమ్మి ఆకులు నమలకండి, మొక్క మొత్తం విషమే.