ఆయాసంలో తీసిన థైరాయిడ్ రిపోర్టు

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. ఇన్నేళ్లూ ఊక పొయ్యి, కొబ్బరి మట్టల పొగలోనే వంట చేసింది. నాలుగేళ్లుగా సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు). ధనుర్మాసం మంచుకి దగ్గు, ఆయాసం ముదిరి ఆరు రోజులు ఆస్పత్రిలో ఉంది. అక్కడి పరీక్షలో థైరాయిడ్ హార్మోన్ టీ3 58 వచ్చింది, కనీసం 80 ఉండాలట. మరో హార్మోన్ టీ4 మామూలుగానే ఉంది, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే పిట్యూటరీ హార్మోన్) 0.3. థైరాయిడ్ మాత్ర వేయించమని చుట్టాలు అంటున్నారు. వేయించాలా?
– ఒక పాఠకురాలు, రావులపాలెం

జవాబు: ఈ ఒక్క రిపోర్టు చూసి వేయించకండి. ఇది థైరాయిడ్ గ్రంథి జబ్బులా లేదు, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినప్పుడు కనిపించే మార్పులా ఉంది.

గ్రంథి నుంచి ఎక్కువగా వచ్చేది టీ4. కాలేయం వంటి అవయవాలు దాన్ని టీ3గా మార్చుకుంటేనే ఒంటికి పనికొస్తుంది. ఆక్సిజన్ తగ్గి, ఇన్‌ఫెక్షన్ రేగి, నాలుగు రోజులు అన్నం సహించకపోతే ఈ మార్పిడి మందగిస్తుంది. కొంత టీ4 పనిచేయని రివర్స్ టీ3గా మిగిలిపోతుంది. పైగా ఆయాసం ముదిరినప్పుడు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మామూలుగా రోజుకు 40 మి.గ్రా. చొప్పున 5 రోజులు ఇస్తారు. స్టెరాయిడ్లు ఈ మార్పిడినీ, టీఎస్‌హెచ్‌నూ కూడా తగ్గిస్తాయి. గ్రంథే మందగించి ఉంటే టీఎస్‌హెచ్ పెరగాలి, అతిగా పనిచేస్తుంటే టీ3 పెరగాలి. మీ అమ్మగారికి ఆ రెండూ లేవు.

అవసరం లేని మాత్ర గుండె వేగాన్ని, ఒంటికి కావలసిన ఆక్సిజన్‌ను పెంచుతుంది. గాలి దారులను తెరిచే సాల్బుటమాల్ మందును నెబ్యులైజర్‌తో పీల్చే మనిషికి గుండెదడ ఇంకా ఎక్కువవుతుంది.

మళ్లీ పరీక్ష ఎప్పుడన్నదే ముఖ్యం. చాలామంది రెండు వారాలకే చేయించి తికమక పడతారు. కోలుకునేటప్పుడు టీఎస్‌హెచ్ తాత్కాలికంగా 10 దాటి, 20 దాకా కూడా పోవచ్చు. ఆయాసం తగ్గి, స్టెరాయిడ్ ఆపాక 6 నుంచి 8 వారాలు ఆగి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా ఉండే టీ4) చేయించండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే రెండు రోజుల ముందే ఆపాలి, అవి అంకెలను తారుమారు చేస్తాయి. ఈలోగా మెడ దగ్గర వాపు, నాడి లయ తప్పడం కనిపిస్తే ఆగకుండా డాక్టరుకు చూపించండి. పిలిచినా పలకనంత మగత వస్తే ఆ క్షణమే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నా అలా అవుతుంది.

6 నుంచి 8 వారాలు ఆగి చేయించిన ఆ పరీక్షలో టీఎస్‌హెచ్ 10 పైన, ఫ్రీ టీ4 తక్కువ ఉంటే అది నిజమైన థైరాయిడ్ లోపం. దాన్ని వదిలేయకూడదు. శ్వాస కండరాలు బలహీనపడతాయి, ఆక్సిజన్ తగ్గినా మెదడు గట్టిగా ఊపిరి తీయించదు. ఈ వయసులో థైరాయిడ్ మాత్రను 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, 6 నుంచి 8 వారాలకోసారి పరీక్ష చూసి పెంచుతారు. మాత్ర పరగడుపున వేసుకుని, కాఫీకి అరగంట నుంచి గంట ఆగాలి. స్టెరాయిడ్లు వాడేవారికి తరచూ కాల్షియం రాస్తారు. దానికీ థైరాయిడ్ మాత్రకూ 4 గంటల ఎడం ఉండాలి, లేకపోతే మాత్ర ఒంటికి పట్టదు. ఆయాసానికి డెరిఫిల్లిన్ మాత్ర వాడుతుంటే ఆ సంగతీ చెప్పండి, థైరాయిడ్ మాత్ర మొదలయ్యాక దాని మోతాదు మార్చాల్సి రావచ్చు.

పరీక్షకు వెళ్లేటప్పుడు ఈ రిపోర్టు, స్టెరాయిడ్ ఏ తేదీన ఆపారో రాసిన చీటీ వెంట పట్టుకెళ్లండి.