వాన నీరు గడప దాకా వస్తోంది

ప్రశ్న: అయ్యా, మాది పదిహేనేళ్ల కిందట కట్టిన ఇల్లు. గేటు నుంచి వరండా దాకా 40 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున కడప బండలు పరిపించాం. వీధిలో పాత రోడ్డు మీదే కొత్త సిమెంటు రోడ్డు వేయడంతో గేటు దగ్గర ఎత్తు పెంచాల్సి వచ్చింది. ఇప్పుడు వాలంతా ఇంటివైపే. గట్టి వాన పడితే నీళ్లు వరండా ఎక్కుతున్నాయి. గడప ముందు రెండు వరసల ఇటుక కట్టి, బండల మీద ఇంకో పొర సిమెంటు వేస్తే చాలని మేస్త్రీ అంటున్నారు. చేయించమంటారా?
– ఒక గృహిణి, అనంతపురం

జవాబు: వద్దమ్మా, ఆ రెండు పనులూ చేయించకండి. ఇటుక కడితే నీరు లోపలికి రాదు సరే, మరి ఎక్కడికి పోతుంది? గోడ మొదట్లోనే నిలిచి పునాదిలోకి దిగుతుంది. ఇంకో పొర వేస్తే వాకిలి ఎత్తు బేస్‌మట్టాన్ని, అంటే పునాది మీద ఇంటి నేల ఉండే ఎత్తును, అందుకుంటుంది. అలాంటి ఇళ్లలో లోపలి గోడకు అడుగు ఎత్తున చెమ్మ పట్టి, రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడడం ఎన్నోసార్లు చూశాను. వాకిలి ఎప్పుడూ బేస్‌మట్టానికి కనీసం ఆరంగుళాలు కిందే ఉండాలి.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మన జిల్లాలో కాలువ ఎందుకని చాలామంది అనుకుంటారు. ఆ వానలో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరులలో నాలుగు దెబ్బల్లో కురిసిపోతుంది. గంటలో 50 మిల్లీమీటర్లు పడితే మీ వాకిలి మీద దాదాపు 1,850 లీటర్లు చేరతాయి. పన్నెండు లీటర్ల బిందెలతో కొలిస్తే 150 బిందెలకు పైనే. కడప బండ నీటిని పీల్చుకోదు, సందులేమో సిమెంటుతో పూడ్చి ఉంటాయి. అదంతా మీ గడపకే వస్తుంది.

అందుకే గోడను తాకేలోపే నీటిని పట్టుకోవాలి. వరండాకు మూడడుగుల ముందు, వాకిలి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఆరంగుళాల వెడల్పు, ఆరంగుళాల లోతు కాలువ తీయించండి. పదడుగులకు అంగుళంపావు చొప్పున దాని అడుగు ఒక పక్కకు వాలాలి. పైన ఇనుప జాలీ రెండేసి అడుగుల ముక్కలుగా ఉంటే మీరొక్కరే ఎత్తి శుభ్రం చేసుకోవచ్చు. కాలువకూ వరండాకూ మధ్య మిగిలిన మూడడుగుల బండలను లేపి, వెనక్కి కాలువవైపు వాలేలా మళ్లీ పరిపించాలి. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. గేటు దగ్గర రెండంగుళాల మిట్ట పోయిస్తే రోడ్డు నీరు అక్కడే ఆగుతుంది.

ఇక ఆ నీటిని ఎక్కడికి పంపాలి? నేను మా ఇంట్లో నాలుగంగుళాల గొట్టంతో వీధి కాలువకు కలిపాను. మొదటి పెద్ద వానకే వీధి కాలువ నిండి, ఆ మురుగంతా గొట్టంలోంచి వెనక్కి తన్ని మా జాలీలోంచి పైకి పొంగింది. వరండాలో నల్లటి బురద, దాని వాసన వారం రోజులు పోలేదు. రోడ్డు మీ వాకిలి కన్నా ఎత్తులో ఉంది కనుక మీకూ అదే ముప్పు.

మీది ఎర్రనేల అయితే ఇంకుడు గుంతే మేలు. పునాదికి కనీసం 16 అడుగుల దూరంలో, నాలుగడుగుల వ్యాసం, ఆరడుగుల లోతున సిమెంటు వరలు దింపించండి. అందులో సుమారు 2,100 లీటర్లు పడతాయి. రాళ్లతో నింపితే సగం కూడా పట్టవు, అడుగున ఒక అడుగు కంకర చాలు. గుంతకు ముందు చిన్న తొట్టి కట్టిస్తే ఒండ్రు అందులో ఆగుతుంది. దాన్ని ఏటా వినాయక చవితిలోపు ఎత్తిపోయించండి. నల్లరేగడి అయితే మాత్రం గుంత తవ్వించకండి. ఆ మట్టి తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది, పునాది కదులుతుంది. అప్పుడు గొట్టాన్ని ఇంటి పక్కగా వెనుకనున్న పల్లానికి తీసుకెళ్లాలి. వాహనాల నూనె కలిసిన ఈ నీటిని తాగునీటి సంపులోకి మాత్రం వదలకండి.

పని అయ్యాక, మేస్త్రీకి ఆఖరి కూలి ఇచ్చేలోపు, గేటు దగ్గర పది బకెట్లు ఒక్కసారిగా పోయించండి. కాలువ దాటి ఒక్క చారైనా గడపవైపు వస్తే, ఆ బండను అప్పుడే లేపించి సరిచేయించండి.